బెంగుళూరులో 300 లోపు థాయ్ మధ్యాన్నం భోజనం యాడన్నా ఉందా సామీ?

గడియారస్తంభం_కాడ · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. మాది అనంతపురం, కమలానగర్. ఆఫీసోళ్లు 3 నెల్లు బెంగుళూరుకు పంపినారు, ఇందిరానగర్ పక్కన పని. సోమవారం తెల్లార్జామున బస్సెక్కేది, శుక్రవారం రాత్రి మళ్లీ ఇంటికి.

సంగతేమంటే, పోయిన వారం టీమోళ్లు నన్ను ఒక థాయ్ హోటల్‌కు పిల్చకపొయినారు. ఎవురిది వాళ్లే కట్టుకోవల్లని ముందు ఒక్కరూ చెప్పల్యా. గిన్నెలో ఆకుపచ్చ కూర, పక్కన కప్పులో బోర్లించిన అన్నం. ఆ అన్నం మా చిన్నోడికి పెట్టినా ఇంకో ముద్ద అడుగుతాడు. కూర, అన్నం కలిపి 640, దాని మీద సర్వీస్ చార్జి 64, ఆపైన జీఎస్టీ. మొత్తం 739. మా నాయన చేన్లో కలుపు తీసేకి వచ్చే మనిషికి రెండు దినాల కూలి అది.

తిట్టుకుంటానే బయటికొచ్చినా గానీ, ఆ వాసన మాత్రం మూడు దినాలైనా ముక్కులోంచి పోల్యా. నిమ్మకాయ కాదు, నిమ్మాకు మాదిరి ఏందో. మళ్లీ తినాలని ఉండాది, 739 పెట్టాలని మాత్రం ల్యా. 300 లోపల యాడన్నా దొరుకుతాదా? తెలిసినోళ్లు చెప్పండి.

తాడిపత్రి_పులుసు · సోమవారం, రాత్రి 9:58

అన్న క్యాంటీన్లో పూట భోజనం 5 రూపాయలు. 739కి 147 పూటలు తినొచ్చు, ఇంకా 4 రూపాయలు మిగుల్తాయి. ఆ 4 రూపాయలు నాకియ్యి అన్నా, లెక్క చేసినందుకు.

గడియారస్తంభం_కాడ · సోమవారం, రాత్రి 10:03

నువ్వు వస్తావని తెలుసు రా. అడిగింది చెప్పు.

వైట్‌ఫీల్డ్_వలసపక్షి · సోమవారం, రాత్రి 11:20

బ్రో, నేను ఆరేళ్లుగా ఇక్కడే. హోటల్ పేర్లు చెప్పను, ఎందుకంటే ఈ ఊర్లో హోటళ్లు ఆరు నెలలకొకసారి మూతబడి పేరు మారి తెరుస్తారు, రేట్లు అంతకన్నా తొందరగా మారుతాయి. ఎట్లా వెతకాలో చెప్తా, అది ఎక్కడైనా పనికొస్తుంది.

నువ్వు చేసిన తప్పు మెనూ కార్డు తెరవడం. మెనూ కార్డు రాత్రి పూట జంటగా వచ్చేవాళ్ల కోసం. సోమవారం నుంచి శుక్రవారం దాకా 12 నుంచి 3 లోపల పోయి, కూర్చునే ముందే "లంచ్ సెట్ ఉందా" అని అడుగు. చానా చోట్ల ఉంటుంది, కానీ మెనూలో ఉండదు. తలుపు దగ్గర నల్ల బోర్డు మీద సుద్దముక్కతో రాసి పెడతారు, లేదంటే టేబుల్ మీద చిన్న అట్టముక్క నిలబెడతారు. ఒక కూర, అన్నం, ఒక సూపో రోలో. యాప్‌లో ఆ రేటు దొరకదు. యాప్‌వాళ్లకు కమిషన్ పోతుంది కాబట్టి అదే కూర అక్కడ ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

ఎందుకు తక్కువకిస్తారంటావా? బాడుగ పగలైనా రాత్రైనా ఒకటే. వంటోడికి జీతం ఒకటే. మంగళవారం ఒంటిగంటకు సగం టేబుళ్లు ఖాళీగా ఉంటాయి. థాయ్ కూరలో కష్టమంతా ముద్ద నూరడంలోనే ఉంది, అది పొద్దున్నే ఒకేసారి నూరి పెట్టుకుంటారు. తర్వాత కొబ్బరిపాలు పోసి కలిపితే ఐదు నిమిషాల పని. ఖాళీ కుర్చీ కంటే 300 ఇచ్చే మనిషి నయం కదా వాళ్లకు.

ఇంక సర్వీస్ చార్జి. అది కట్టి తీరాలని ఎక్కడా లేదు. వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే బిల్లులో తమంతట తాము కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే నిలబెట్టింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే, మామూలు హోటల్‌కి 5 శాతం. గది అద్దె 7,500 దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్‌కి పోయావంటే 18 శాతం. అటుపక్క పోవద్దు.

గడియారస్తంభం_కాడ · మంగళవారం, పొద్దున 7:15

సర్వీస్ చార్జి తీసెయ్యమంటే బాగుంటాదా అన్నా? పక్కనోళ్లంతా చూస్తారు కదా. మనకు మొగమాటం.

తాడిపత్రి_పులుసు · మంగళవారం, పొద్దున 7:21

మొగమాటం ఖరీదు 64 రూపాయలు. బిల్లులో రాసినారు కదా.

వైట్‌ఫీల్డ్_వలసపక్షి · మంగళవారం, పొద్దున 9:02

😂 నాకూ మొదట్లో అట్లే ఉండేది. బిల్లు తెచ్చినప్పుడు మెల్లగా "ఇది తీసి తెస్తారా" అంటే సరిపోతుంది, గొడవేం ఉండదు. తెచ్చిన పిల్లోడికి చేతిలో 20 పెడితే ఆ డబ్బు వాడికే పోతుంది.

టెక్ పార్క్ ఫుడ్ కోర్టుల్లో కూడా థాయ్ కౌంటర్లు ఉన్నాయి, 220–260 లో అయిపోతుంది. కాకపోతే ఒకటి చూసుకో. కొన్ని చోట్ల ఎర్ర కూరకీ ఆకుపచ్చ కూరకీ ఒకటే తెల్ల గ్రేవీ, రంగు మాత్రమే వేరు. గిన్నెలో నిమ్మజాతి ఆకు ముక్క కనపడాలి. రెండాకులు ఒకదాని కొసకి ఒకటి అతికించినట్టు ఉంటుంది, మక్రూత్ నిమ్మాకు. నీ ముక్కులో మూడ్రోజులు కూర్చున్నది అదే. అది లేకుండా పచ్చగా ఉందంటే పాలకూరో రంగో అయ్యుండొచ్చు.

శాకాహారి_గుత్తి · మంగళవారం, పొద్దున 10:40

నాదొక ప్రశ్న. వెజ్ గ్రీన్ కర్రీ అని బోర్డు పెడతారు కదా, అది నిజంగా వెజ్జేనా? మొన్న హైదరాబాద్‌లో తిన్నాక ఒకాయన "ముద్దలో రొయ్యలుంటాయి" అన్నాడు. అప్పట్నుంచి కడుపులో అదోరకంగా ఉంది.

సుఖుమ్విత్_సంగటి · మంగళవారం, మధ్యాన్నం 12:55

గుత్తి అన్నా, ఆయన చెప్పింది నిజమే. మామూలుగా కూర ముద్దలోనే కపి అని రొయ్యల ముద్ద నూరతారు. పైన ఉప్పుకు బదులు నామ్ ప్లా, చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి వడగట్టిన నీళ్లు. కూరగాయలే వేసినా ఈ రెండూ ఉంటే వెజ్ కాదు. కనుక "కూరలో మాంసం ఉందా" అని కాదు, "ముద్ద మీరే నూరతారా, అందులో రొయ్యలున్నాయా, చేపల సాస్ వేస్తారా" అని అడగాల. మనదేశంలో కొన్ని హోటళ్లు వెజ్‌కి వేరే ముద్ద పెట్టుకుంటాయి, కొన్ని పెట్టుకోవు.

ఈడ బ్యాంకాక్‌లో అయితే పసుప్పచ్చ జెండా మీద ఎర్రగా "జే" అని రాసుంటాది. ఆ బండి కాడ చేపల సాసు లేదు, వెల్లుల్లి, ఉల్లిపాయ కూడా లేదు. మన మాధ్వుల ఇంట్లో మాదిరి.

నేను ధర్మవరం మనిషిని, ఈడ ఒక ఆఫీసులో లెక్కలు చూస్తా, నాలుగేండ్లయింది. ఈ చర్చ చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఈడ థాయ్ భోజనం అనే మాటే లేదు, ఉత్త భోజనమే.

గడియారస్తంభం_కాడ · మంగళవారం, మధ్యాన్నం 1:10

అయితే నువ్వు చెప్పు అన్నా, ఆడ వాళ్లు మధ్యాన్నం ఎంతకు తింటారు?

సుఖుమ్విత్_సంగటి · మంగళవారం, సాయంత్రం 6:30

మా ఆఫీసు ఎనక సందులో ఒకావిడ ఖావ్ కేంగ్ అంగడి. ఖావ్ అంటే అన్నం, కేంగ్ అంటే కూర. స్టీల్ తట్టల్లో పది పన్నెండు కూరలు పరిచి పెడతాది, పైన దోమ తెర. పళ్లెంలో అన్నం పెట్టి నీ మొగం చూస్తాది. నువ్వు ఏలు పెట్టి చూపించాల, "సోంగ్ యాంగ్" అంటే రెండు రకాలు. రెండు గరిటెలు అన్నం మీదనే పోస్తాది. 50–60 బాత్‌లు. బాత్ అంటే ఈడి డబ్బు, మన రూపాయల్లో 200 లోపలే. చెంచా, ఫోర్కు ఇస్తారు. చాప్‌స్టిక్స్ పుల్లలు నూడుల్స్‌కే, అన్నానికి పుల్లలడిగితే ఆ అమ్మ నవ్వుతాది.

నిజంగా చవకగా కావాలంటే మాల్ పైన ఫుడ్ కోర్టు. అసోక్ కాడ టెర్మినల్ 21 అని ఉండాది, దాని పై అంతస్తులో పియర్ 21. మాల్ అంటే రేటెక్కువ అనుకుంటాం కదా మనం, ఈడ మాత్రం ఉల్టా. ముందు కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకోవాల, తిన్నాక మిగిలింది వాపసు ఇస్తారు. 12కి పోయినావంటే ఆఫీసులన్నీ అక్కడే ఉంటాయి, కుర్చీ దొరకదు. 11:30కే పో.

ఇంకొకటి. ఈ సందుల్లో వంట చేసేవాళ్లలో చానామంది ఈసాన్ వాళ్లు. ఈసాన్ అంటే ఈశాన్య పీఠభూమి, ఇసక నేలలు, వాన నమ్ముకోలేని సేద్యం. పంట పోతే బస్సెక్కి బ్యాంకాక్ వచ్చి బండి పెట్టుకుంటారు. నాకు కూర పెట్టే అమ్మ కూడా ఆడిదే. "మీ ఊరు ఎట్లుంటాది" అని అడిగింది ఒక దినం. ఫోన్లో మా చేను ఫోటో చూపించినా, చెనిక్కాయ వాడిపోయినప్పటిది. చూసి తలూపి ఇంకో గరిటె కూర పోసింది, డబ్బు తీసుకోలేదు.

కదిరి_మల్లె · మంగళవారం, రాత్రి 8:05

బెంగుళూరులో మన ఆంధ్రా మెస్సులు నడిపేది కూడా అట్ల పోయినోళ్లే కదా అన్నా.

ఎడిసన్_ఎండుమిర్చి · బుధవారం, పొద్దున 5:48

ఇక్కడ అమెరికాలో లంచ్ స్పెషల్ అనేది పెద్ద సంప్రదాయం. చాలా థాయ్ హోటళ్లలో వారం దినాల్లో 11:30 నుంచి 3 వరకు ఒక కాగితం మెనూ వేరేగా ఇస్తారు. సూపో స్ప్రింగ్ రోలో, ఒక కూర, అన్నం, 12–15 డాలర్లు. రాత్రికి అదే కూర ఒక్కటే 18. మేము న్యూయార్క్ పోయినప్పుడు మాన్‌హటన్‌లో తినం, క్వీన్స్‌లో ఎల్మ్‌హర్స్ట్ పోతాం. థాయ్ వాళ్లు ఎక్కువ, వాళ్లు తినే హోటళ్లే. లాస్ ఏంజలిస్‌లో అయితే 1999లోనే ఒక పేటకి థాయ్ టౌన్ అని పేరు పెట్టేశారు. మెనూ ధర చూసి మోసపోవద్దు, న్యూయార్క్‌లో 8.875 శాతం పన్ను, ఆపైన టిప్పు. ఇక్కడ టిప్పు తీసెయ్యమనే మాటే లేదు.

అన్ని ఊర్లలో ఒకే మెనూ ఎందుకుంటుందని నాకు డౌటుండేది. థాయ్ ప్రభుత్వమే 2002లో గ్లోబల్ థాయ్ అని పథకం పెట్టి బయటి దేశాల్లో హోటళ్లు పెట్టించింది, వంటవాళ్లకు శిక్షణ ఇచ్చింది. మన ప్రభుత్వం ఉగ్గాణి-బజ్జికి అట్లా పెట్టుంటే ఈ న్యూజెర్సీ ఎడిసన్‌లో నాకీ గతి పట్టేది కాదు.

కారం గురించి ఒకటి చెప్పాలి. వచ్చిన కొత్తలో హోటల్లో వడ్డించే ఆమె అడిగింది, మైల్డా, మీడియమా, థాయ్ హాటా అని. నేను రాయలసీమ, ఊరిమిండి పచ్చడి తిని పెరిగినోడ్ని, నాకు మైల్డ్ ఏంది? థాయ్ హాట్ అన్నా. రెండో ముద్దకే చెవుల్లోంచి గాలి కూత పెట్టింది. మంచినీళ్లు తాగినా, ఇంకా మండింది. పక్క టేబుల్ తెల్లామె తన ఐస్‌క్రీం గిన్నె నావైపు తోసింది. ఆ దినం సీమ పరువు ఎడిసన్‌లో పోయింది.

తాడిపత్రి_పులుసు · బుధవారం, పొద్దున 7:30

పోయింది నీ పరువు. సీమను మధ్యలోకి లాగొద్దు.

సుఖుమ్విత్_సంగటి · బుధవారం, పొద్దున 8:12

అది ప్రిక్ ఖీ నూ మిరపకాయ. ఖీ నూ అంటే ఎలుక పెంటిక. సైజు చూసి ఆ పేరు పెట్టినారు. మన మిరపకాయ ఎండబెట్టి నూనెలో మగ్గిపోయి వస్తాది, వాళ్లు పచ్చిదే దంచి చల్లుతారు. అదీ తేడా. ఈడ "ఫెత్ నోయ్" అంటే కారం తక్కువ. సీమోడినని గొప్పకు పోకుండా మొదటి దినం అదే అను.

పాత_పలక · బుధవారం, పొద్దున 10:25

మిత్రులకు నమస్కారం. మిరపకాయ మాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ మిరప వాళ్లదీ కాదు, మనదీ కాదు. పోర్చుగీసు వారి ఓడలు అమెరికా ఖండం నుంచి తెచ్చినది. అంతకు ముందు ఇక్కడైనా అక్కడైనా కారమంటే ఎక్కువగా మిరియమే. మనం మిరియం పేరును సాగదీసి మిరపకాయ అన్నాం. వాళ్లు కొత్త కాయకు ప్రిక్ అనే పాత పేరు ఇచ్చేసి, పాత మిరియాన్ని "ప్రిక్ థాయ్", అంటే "మన థాయ్ మిరప" అని వేరు చేసుకున్నారు. చూడండి, వచ్చిన చుట్టం ఇంటిపేరు కాజేసింది.

ఫాద్ థాయ్ అనే నూడుల్స్ కూడా అంత పాతదేం కాదు. 1939లో సయాం పేరు థాయిలాండ్‌గా మార్చిన ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం, జాతీయ వంటకమంటూ దాన్ని ఊరూరా ప్రచారం చేసింది. బియ్యపు సేమ్యా, చింతపండు గుజ్జు, తాటిబెల్లం, కోడిగుడ్డు, పెసల మొలకలు, పైన వేయించి దంచిన వేరుశనగ. అనంతపురం వాడు ఈ జాబితా చదివితే, ఇందులో బయట కొనాల్సింది ఒక్క సేమ్యానే కదా అంటాడు.

కదిరి_మల్లె · బుధవారం, మధ్యాన్నం 2:14

మాస్టారు మంచి మాట చెప్పినారు. నేను అదే చెప్పాలని రెండు దినాల్నుంచి చూస్తాండా, మీ మగోళ్లు బిల్లులు లెక్కపెట్టేది నిలిపితే కదా.

(కదిరి ఇప్పుడు వేరే జిల్లా అంటారు, 2022 నుంచి. మాకు అనంతపురమే.)

మా ఆడబిడ్డ బ్యాంకాక్‌లో రెండేండ్లుండి వచ్చింది, ఆమె నేర్పించింది. ఫాద్ క్రప్రావ్ అంటారు, ఆకుతో కోడి వేపుడు. అక్కడ మధ్యాన్నం ఏం తినాలో తోచకపోతే అందరూ అదే చెప్తారంట, మనం ఉప్మా అన్నట్టు.

మిక్సీలో వద్దు. రోట్లో పది వెల్లుల్లి రెబ్బలు, ఆరు పచ్చిమిరపకాయలు, మరీ మెత్తగా కాకుండా కచ్చాపచ్చాగా దంచుకోండి. ఇనప బాణలి పొగొచ్చేదాకా కాగనిచ్చి నూనె, ఈ దంచిండేది. దగ్గొస్తాది, కిటికీ తెరిచి పెట్టండి. వెంటనే పావుకిలో కోడి కైమా. గరిటెతో పొడిపొడిగా విడగొట్టాల, నీళ్లు ఊరనియ్యకూడదు. ఒక చెంచా సోయా సాసు, ఒక చెంచా చేపల సాసు, చిటికెడు బెల్లం. నల్లగా మెరిసేటప్పుడు స్టవ్ ఆపేసి అప్పుడు రెండు గుప్పిళ్లు ఆకు. ఆకు స్టవ్ మీద ఉడికిందంటే వాసన చచ్చిపోతాది. ఇంకో బాణలిలో నూనె ఎక్కువేసి గుడ్డు కొట్టండి, అంచులు జాలి మాదిరి గోధుమరంగుకొచ్చి, నడిమి పచ్చసొన వణుకుతా ఉండాల. దాన్ని ఖాయ్ దావ్ అంటారు, నక్షత్రం గుడ్డు అని. అన్నం మీద పెట్టి పచ్చసొన చిదిపితే అదే గ్రేవీ.

నాకయిన ఖర్చు కైమా 75, గుడ్లు రెండు 14, మిగతాదంతా కలిపి ఇంకో 25. ఇద్దరు తిన్నాం. సాసు సీసాలు ఒకసారి కొంటే ఆరు నెల్లొస్తాయి.

శాకాహారి_గుత్తి · బుధవారం, మధ్యాన్నం 2:40

ఆ ఆకు ఏం ఆకమ్మా?

కదిరి_మల్లె · బుధవారం, మధ్యాన్నం 2:47

అదే... తులసి.

శాకాహారి_గుత్తి · బుధవారం, మధ్యాన్నం 2:48

కోడిలో తులసా!!!

తాడిపత్రి_పులుసు · బుధవారం, మధ్యాన్నం 2:49

అయిపాయ. ఈ చర్చకు తాళమెయ్యండి.

పాత_పలక · బుధవారం, మధ్యాన్నం 3:30

అమ్మా, వృక్షశాస్త్రం ప్రకారం మీరు చెప్పింది సరైనదే. థాయ్ వారి క్రప్రావ్, మన తులసి ఒకే జాతి మొక్క, వారిది వేరే రకం. అయినా మా ఇంట్లో ఈ మాట పైకి చదవలేకపోయాను, మా ఆవిడ పక్కనే ఉంది.

కదిరి_మల్లె · బుధవారం, మధ్యాన్నం 3:52

మాస్టారూ, కోటలో తులసిని నేనూ ముట్టను. మా అత్త బతికుండగా నా చెయ్యి విరిచేస్తాది. దొడ్లో గిన్నెలు తోమే కాడ వేరే కుండీలో పెట్టినా, దానికి పూజా లేదు పసుపూ కుంకమా లేదు. అది వంట మొక్క. మనసొప్పనోళ్లకి ఇంకో దారి ఉండాది. ఎండాకాలం సర్బత్‌లో వేస్తాం కదా సబ్జా గింజలు, వాటిని మట్టిలో చల్లండి. పది దినాల్లో మొలిచినాయి నాకు. ఆ ఆకు థాయ్ వాళ్లు ఆకుపచ్చ కూరలో వేసే ఆకుకు తోడబుట్టిందే, కాస్త సోంపు వాసనొస్తాది. తులసి ఘాటు రాదు గానీ, పాపం కూడా రాదు.

ఆకుపచ్చ కూర ముద్దకి కావాల్సిన గలాంగల్ దుంప ఎండుది పచారీ కొట్లో దుంపరాష్ట్రం అంటే ఇస్తారు. దగ్గుకు అడుగుతున్నామనుకుంటారు, అనుకోనియ్యండి. ముందు రాత్రి నానబెట్టాల. పచ్చిది మన పక్క దొరకదు. మక్రూత్ నిమ్మాకుకి బదులు మన నిమ్మచెట్టు లేతాకు వేసినా, సగం వచ్చింది వాసన. మిగతా సగానికి బెంగుళూరే పోవాల, అబద్ధం చెప్పను.

శాకాహారి_గుత్తి · బుధవారం, సాయంత్రం 4:20

సబ్జా అయితే ఫర్వాలేదు. కోడికి బదులు పనీరా, మీల్‌మేకరా?

కదిరి_మల్లె · బుధవారం, సాయంత్రం 4:31

మీల్‌మేకర్. నానబెట్టి, నీళ్లు పిండేసి చిదిమెయ్యి. చేపల సాసుకు బదులు సోయా సాసు ఇంకాస్త, ఉప్పు. పనీర్ వేస్తే అది పంజాబీ అవుతాది.

పర్యవేక్షకుడు · బుధవారం, సాయంత్రం 5:00

తులసి మీద వచ్చిన 9 పోస్టులు తీసేశాను. భోజనం గురించి రాయండి. (నేనూ సబ్జా గింజలు నానేశాను, కుండీలో చల్లాలని ఇప్పుడు తెలిసింది.)

గడియారస్తంభం_కాడ · గురువారం, రాత్రి 10:10

అన్నలారా, అక్కా, తిన్న్యా.

వైట్‌ఫీల్డ్ అన్న చెప్పినట్టే చేసినా. నిన్న మీటింగ్ అయ్యేసరికి 2:20. అంతకుముందు పోయింది కాకుండా వేరే హోటలు, మెట్లెక్కి పైకి పోవాల. తలుపు కాడ నిజంగానే నల్ల బోర్డు. సుద్దముక్క రాత తుడిచిపోయి 2 ఒకటే కనపడ్తాంది, ఎనకాల రెండంకెలు ఏందో తెలీదు. 299 అనుకుని లోపలికి పోయినా, 275 అంట.

సూపు, ఎర్ర కూర, అన్నం. సర్వరు పిల్లోడు "సార్ యాడ మీది" అన్నాడు నా కన్నడం విని. వాడిది పెనుకొండ! అన్నం ఇంకో కప్పు తెచ్చి పెట్టినాడు అడక్కుండానే. సర్వీస్ చార్జి లేదు, 5 శాతం జీఎస్టీతో 288.75, 289 తీసుకున్నారు. పిల్లోడికి 30 ఇచ్చినా. మొత్తం 319, 300 దాటింది, తెలుసు. పులుసూ, నువ్వేమీ అనాకు.

ఎర్ర కూర కంటే ఆకుపచ్చదే మేలు నాకు. గిన్నెలో ఆకు కనపడింది, రెండు అతికించినట్టుండేది. నమిలి చూసినా, నమిలేది కాదంట, పిల్లోడు చెప్పినాడు.

తాడిపత్రి_పులుసు · గురువారం, రాత్రి 10:14

64 మిగిలిచ్చేకి ఇంత చదువు చదివి 30 ఇచ్చొచ్చినావా. పెనుకొండోడు కాబట్టి వదిలేస్తాండా.

ఎడిసన్_ఎండుమిర్చి · గురువారం, రాత్రి 11:40

ఇంకోసారి పోతే మస్సమన్ కూర ఉందేమో అడుగు. దాల్చినచెక్క, ఏలకులు, ఆలుగడ్డ, వేరుశనగ పప్పులు వేస్తారు. కారం తక్కువ. మా ఇంట్లో అమ్మానాన్న వచ్చినప్పుడు ఒక్క మెతుకు వదలకుండా తిన్నది అదొక్కటే. "ఇది మన సాయిబుల పెళ్లి కుర్మా కదరా" అన్నాడు మా నాయన.

గడియారస్తంభం_కాడ · శుక్రవారం, పొద్దున 8:20

అడుగుతా అన్నా. రాత్రికి బస్సెక్కుతాండా. మా ఇంటామెకు కదిరి అక్క రాసింది చదివి వినిపించినా ఫోన్లో, ఆదివారం చేద్దామనింది, తులసి మాట చెప్పేసరికి ఫోన్ పెట్టేసింది. సబ్జా మొలిచేకి పది దినాలంటిరి కదా. అక్కా, మీ కుండీలో రెండు గుప్పిళ్లు దొరుకుతాదా?

కదిరి_మల్లె · శుక్రవారం, పొద్దున 8:55

సబ్జా ఆకు ఉండాది, తులసి అడగొద్దు. శనివారం మా తమ్ముడు అనంతపురం వస్తాడు, సప్తగిరి సర్కిల్ కాడికొచ్చి తీసుకపో. తడి గుడ్డలో చుట్టి పంపిస్తా, బండి డిక్కీలో పెట్టుకోవద్దు, నల్లబడతాది. వచ్చేటప్పుడు ఖాళీ చేతుల్తో రావద్దు, బెంగుళూరు నుంచి ఆ నిమ్మాకు రెండు రెమ్మలు పట్టుకురా.